గిరిజ గుండె మీద పచ్చ వెలుగు

పుదుచ్చేరి, 1957

వెంకటాద్రి మామకు,

డాక్టరు ఒక్కసారి చాలన్నా, కాంపౌండరును బతిమాలి, దగ్గుతున్న మీ మనవరాలు గిరిజను వారం వారం ఎక్స్‌రే తెర వెనక నిలబెట్టింది మీరే. ఇది అన్యాయం.

తెర మీది ఆ పచ్చటి వెలుగులో బిడ్డ గుండె చేపపిల్లలా ఈదుతుంటే నేనూ కలలో ఉన్నట్టు చూస్తుండిపోయాను. కానీ అది మందు కాదు మామా! లోపల ఉన్నది చూపిస్తుంది, అంతే. ఆ కిరణాలు ఊరికే మళ్ళీ మళ్ళీ తగిలితే పసి ఒంటికి చేటని కరపత్రంలో చదివి చెప్పాను.

"ఆ వెలుగు పడితే కఫం యాడుంటాది రా, కరపత్రాల పిచ్చోడా!" అని నవ్వారు. మిమ్మల్ని చూసి మన మూలకుళం పేట తల్లులూ పిల్లల్ని ఆ తెర దగ్గరికి తెస్తున్నారు.

గుండె చూడాలనిపిస్తే చెవి ఆనించి వినండి. ఈ చేటు సంగతి చెప్పడానికి ఆ తల్లులందరినీ పిలిచాను. గిరిజను ఎత్తుకుని మీరూ మన అంగడి ముందుకు రండి, ఆదివారం సాయంత్రం ఐదింటికి.

మీ మేనల్లుడు