పెళ్లి విందు కథలో లేని పేరు

రమా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అందరితో వాదించి నువ్వు సిలబస్‌లో పెట్టించిన సాహిత్య సిద్ధాంతం పేపర్‌కి ఇవాళ తొలి పాఠం నేనే చెప్పాను. జనక్‌పురి నుంచి బస్సులో వస్తూ దారంతా నీ నోట్సే చదువుకున్నాను.

"కథ బాగుంటే చాలదా మేడమ్, సిద్ధాంతం దేనికి?" అని శారద అనే అమ్మాయి అడిగింది.

సైక్లోస్టైల్ చేసిన పెళ్లి విందు కథ ఒకటి పంచి, "ఇందులో వంట చేసినామె పేరేమిటి?" అన్నాను. అందరూ కాగితాలు తిరగేశారు. ఎక్కడా లేదు.

"ఎందుకు లేదని అడగడం నేర్పుతుంది సిద్ధాంతం" అన్నాను.

శారద కాగితం దించి, "మా హాస్టల్లో వండిపెట్టే దీదీ పేరు నాకూ తెలియదు మేడమ్" అంది.

సాయంత్రం స్టాఫ్ రూమ్‌కి వచ్చింది.

"ఆవిడ పేరు బిమల అట మేడమ్."