రెండుసార్లు మెట్లెక్కిన పడవవాడు

సోమవారం,
మధ్యాహ్నం భోజనాలయ్యాక

పెద్ద వదిన గారికి,

నీ మరదలు రెండు చేతులూ జోడించి, ముందు నీ ఒంట్లో ఎలా ఉందో అడిగి, ఆ తరువాతే తన సంగతులు రాసుకుంటున్నది. ‘గారు’ అన్నది మొదటి వరసకే, మర్యాదకి. ఇక్కడినుంచి మామూలుగా నువ్వే.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ తమ్ముడికి మోకాలు పట్టేసింది. కానీ ఆ పట్టేయడం నోటిదాకా పాకలేదు కాబట్టి ఆయన కూడా బాగున్నట్టే లెక్క. అక్కడ నువ్వు బాగున్నావని రాయడానికి మాత్రం నాకు చెయ్యి రావడం లేదు. మొన్న మీ కోడలు ఫోన్ చేసి అన్నీ చెప్పింది. దాన్ని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. టీలో చక్కెర అనుకుని ఉప్పు వేశావట. ఎవరూ తాగకపోతే ఈ కాలం వాళ్ళకి టీ రుచే తెలియదని దబాయించావట. అంతవరకూ నవ్వుకున్నాను. మేడ దిగుతూ మెట్లు అయిపోయాయనుకుని, ఇంకో మెట్టు ఉండగానే కాలు ముందుకు వేశావని, గోడ చేతికి అంది నిలదొక్కుకున్నావని చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆ రోజునుంచి మా ఇంట్లో మెట్టు కనిపిస్తే చాలు, నువ్వే దాని మీద నిలబడ్డట్టు ఉంటున్నది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, ఇంకా నాన్చితే ఆపరేషన్ కూడా కష్టమవుతుందని డాక్టరు చెప్పాడట కదా. రోజు కూడా ఇచ్చాడట. నువ్వు ఒకసారి జలుబన్నావు, ఇంకోసారి చుట్టాలొచ్చారన్నావు. ఆ వచ్చిన చుట్టాలు ఎవరు వదినా? నీకున్న చుట్టాలందరూ నాకూ చుట్టాలే. నాకు తెలియకుండా కొత్తవాళ్ళు ఎక్కడినుంచి పుట్టుకొచ్చారు?

ఫోన్లో చెబుదామంటే ఆపరేషన్ అన్న మాట నా నోట్లో ఉండగానే పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. కోడలమ్మా, చదివి పెడుతున్నది నువ్వే కాబట్టి నీకొక మాట. అత్తగారు మధ్యలో లేచి వెళ్ళిపోతే వెనకాలే వెళ్ళి చదువు. వంటింట్లోకి వెళ్ళినా సరే. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే బయట నిలబడి గట్టిగా చదువు.

షాపు సంగతులు కొంచెం చెబుతాను. నేను ఇప్పటికీ పూటకు కాసేపు మన బైండింగు షాపుకు వెళ్తున్నాను. నువ్వు మానేశాక నా చేతికి వచ్చిన కుట్టుపని కూడా ఎప్పుడో వదిలేశాను, సూదిలో దారం ఎక్కించడానికి ఎవరినో ఒకరిని బతిమాలాల్సి వస్తున్నదని. ఊరికే ఫారాలు మడిచి పెడతాను. మనం కూర్చున్న బల్ల అక్కడే ఉంది. నువ్వు కూర్చునే వైపు బల్లకాళ్ళు ఊగుతుంటే కింద అట్టముక్క పెట్టారు. కొత్తగా వచ్చిన పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని పని చేస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మనం మాట్లాడుతూనే ఉండేవాళ్ళం, అందుకే కదా ఆ పుస్తకం తప్పుపడింది.

కోడలమ్మా, ఈ పుస్తకం గోల నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతలు పెడితే ఒక కట్ట పేజీలు వస్తాయి. దాన్ని ఫారం అంటాం. వరసగా ఫారాలు పేర్చి కుడితే పుస్తకం. నేను పేర్చేదాన్ని, మీ అత్తగారు కుట్టేది. పాతకాలం నుంచి అందరూ చదివి ఏడ్చే నవల ఒకటి అచ్చుకు వచ్చింది. అందులో ఒక ప్రతికి ఆఖరి ఫారం పడాల్సిన చోట దాని ముందు ఫారమే ఇంకోసారి పడింది. పేర్చింది నేను కాబట్టి తప్పు నాదని మీ అత్తగారు అంటుంది. కుట్టేవాళ్ళు ఒకసారి తిప్పి చూసుకోవాలని నేనంటాను. ఇప్పటికీ తేలలేదు. పనికిరాని ప్రతి కదా అని యజమాని మాకే ఇచ్చేశాడు. మధ్యాహ్నం డబ్బాలు కడుక్కున్నాక మీ అత్తగారు పైకి చదివేది, నేను జిగురు చేతులతోనే కళ్ళు తుడుచుకునేదాన్ని. రెప్పలు అంటుకుపోయేవి.

వదినా, నీకు గుర్తుందా? ఏటి రేవు. రేవు నడిపే పెద్దావిడ. ఆమె గొంతు వింటే పడవలే సర్దుకుని నిలబడతాయి. మగవాళ్ళను పట్టుకుని కడిగేస్తుంది. కళ్ళలో చుక్క నీరు ఉండదు. ఇటుపక్క ఆమె తమ్ముడి భార్య, బట్టలు కుట్టే అమ్మాయి. తలుపు చప్పుడైతే వణుకు, గాలి వీస్తే వణుకు. ఆ తమ్ముడు పడవెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. మరదలు రోజూ రేవుకు వచ్చి కనిపించినవాళ్ళనల్లా అడుగుతుంది. పెద్దావిడ పనీపాటా లేదా, ఇంటికి పో అని కసురుతుంది.

నువ్వు ఎప్పుడూ ఆ పెద్దావిడ పక్షమే. ఆడదంటే అలా ఉండాలి, ఆ కుట్టుపని పిల్ల ఒట్టి నీళ్ళకుండ, ఎక్కడ తాకితే అక్కడ కారుతుంది అనేదానివి. అంటూ నా వైపు చూసేదానివి. నేను మాత్రం పెద్దావిడ మనిషా, రాయా అనేదాన్ని. ఇద్దరికీ పోలికే లేదని ఆ ఒక్క విషయంలో మనిద్దరికీ ఒప్పందం.

వదినా, ఆ ఒప్పందం తప్పు. ఈ వయసులో తెలిసింది నాకు. వాళ్ళిద్దరూ ఒకటే.

నవ్వకు. పెద్ద చదువు లేనిదాన్ని, నాకు తోచినట్టు చెబుతాను. సాయంత్రం పడవలన్నీ వచ్చేశాక పెద్దావిడ రేవు మెట్ల మీద లాంతరు పెడుతుంది కదా. ఎందుకని ఎవరో అడిగితే నూనె పాడైపోతున్నదని వెలిగించానంటుంది. అది అబద్ధం. ఇక్కడ మరదలు చొక్కాలు కుడుతుంటుంది. ఎవరికని అడిగితే బేరానికి అంటుంది. అన్నీ ఒకే కొలత చొక్కాలు బేరానికి ఎవరైనా కుడతారా? అదీ అబద్ధమే. ఒకరిది నూనె, ఒకరిది గుడ్డ, దాచుకున్నది మాత్రం ఒకటే.

ఇక ఆ పడవవాడు వచ్చిన చోటు. కబురు తెచ్చాను అంటూ మెట్లెక్కి వస్తాడు. కుట్టుపని పిల్ల చెప్పుల్లేకుండా అతని దగ్గరికి పరుగెత్తుతుంది. పెద్దావిడేమో తాళ్ళు చూసుకోవాలంటూ కొట్టుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. చూశావా, ఆమెకు లెక్కేలేదు, అదీ ధైర్యమంటే అని నువ్వు తొడ చరిచి చదివావు. నేనూ నిజమేననుకున్నాను. ఇప్పుడు తోస్తున్నది, ఒకామె భయంతో ఎదురు పరుగెత్తింది, ఒకామె అదే భయంతో లోపలికి పరుగెత్తింది. కాళ్ళు అటూ ఇటూ పోయాయి, గుండె ఒక్కచోటే ఉంది.

మన పుస్తకంలో అదే ఫారం మళ్ళీ వస్తుంది కాబట్టి ఆ పడవవాడు మళ్ళీ మెట్లెక్కుతాడు, ఈమె మళ్ళీ పరుగెత్తుతుంది, ఆమె మళ్ళీ తలుపు వేసుకుంటుంది. అక్కడితో అట్ట. ఇన్నేళ్ళూ అతను నోరు విప్పలేదు. మనం ఎవరికి తోచిన ముగింపు వాళ్ళం చెప్పుకున్నాం. బజారులో ఇంకో ప్రతి కొనుక్కోవచ్చని మీ తమ్ముడు అంటే ఇద్దరం కలిసి ఆయన మీద పడ్డాం.

నువ్వు ఫోన్ పెట్టేస్తావే, అది కొట్టుగది తలుపు వదినా.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. మా అత్తయ్య, అదే మీ అమ్మ, గుర్తొస్తున్నారు కదూ నీకు? ఆ రోజుల్లో అత్తయ్య కంటికి ఆపరేషన్ అయ్యాక, కట్టు విప్పితే ఆ కన్ను చీకటైపోయింది. ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చింది నువ్వే. గుమ్మంలో నేను ఎదురొస్తే, బాగానే అయింది, పోయి మంచం వెయ్యి అన్నావు. ఆ తరువాత అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆమె కంచంలో ఏది ఎటువైపు ఉందో చెప్పి తినిపించావు. ఒక్కనాడు కంటతడి పెట్టలేదు. నిన్ను నేను రాయి అనుకున్నాను. తప్పయింది. నువ్వు అప్పటినుంచీ భయపడుతూనే ఉన్నావు, చప్పుడు చేయకుండా.

కానీ ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరు. మా వీధిలో ఒకావిడ ఉంది. మహా పిరికిది. నీకంటే పిరికిదా అని మీ తమ్ముడు నన్ను అడిగారు, సరిసమానం అని చెప్పాను. ఆవిడ ఈమధ్యే చేయించుకుంది. అంతా వివరంగా చెప్పింది. ముందు కంట్లో చుక్కలు వేస్తారట, మళ్ళీ మళ్ళీ వేస్తారట, చెంప మీదికి కారితే తుడుస్తారట. తలకు పల్చటి టోపీ పెట్టి, మొహం మీద ఒకవైపు చిల్లు ఉన్న పచ్చగుడ్డ కప్పుతారట. దీపం వైపు చూడమంటారట. నీళ్ళ అడుగున పడుకుని పైన దీపాన్ని చూస్తున్నట్టు ఉంటుందట. నొప్పి లేదట, ఎవరో వేలితో మెల్లగా నొక్కుతున్నట్టు మాత్రం ఉంటుందట. భయంతో ఆవిడ డాక్టరును భోంచేశారా బాబూ అని అడిగిందట. చేశానమ్మా, చెయ్యి వణకదు, మీరు కదలకండి అన్నాడట ఆయన. నర్సు చెయ్యి ఇస్తే ఆ పిల్ల గాజుల కింద ఎర్రటి గుర్తులు పడేలా పట్టుకుందట. మర్నాడు కట్టు విప్పితే ముందు కిటికీ ఊచల మీద దుమ్ము కనిపించిందట. ఆ తరువాత వాళ్ళాయన మొహం చూసి, ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయండీ మీకు అని నోరు జారిందట. ఆయన ఆ పూటంతా అద్దం ముందునుంచి కదల్లేదట.

అంతే వదినా. ఇంకేమీ లేదు.

ఇంకో కబురు. ఈమధ్య షాపులో అటక సర్దారు. పాత మిగులు ఫారాల కట్టలు దించితే, దుమ్ములో మన నవల ఆఖరి ఫారం దొరికింది. అవును, అదే. పడవవాడు నోరు విప్పే ఫారం. గబగబా వెలుతురులోకి తీసుకెళ్ళాను. అక్షరాలు చీమల బారుల్లా పాకాయే కానీ ఒక్క మాటగా నిలబడలేదు. మీ తమ్ముడు చదివి పెడతానన్నారు. వద్దన్నాను. ఆయన చదివితే ఏడ్చేచోట దగ్గుతారు. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.

డాక్టరు మళ్ళీ ఇచ్చిన రోజుకు వెళ్ళు వదినా. రోజు చెబితే నేను ముందే వచ్చి నీ పక్కన ఉంటాను. గుమ్మం దాటితే నాకు ఎన్ని భయాలో నీకు తెలుసు కదా. అయినా వస్తాను. నీ చెయ్యి నర్సుకు ఇవ్వనివ్వను, నేనే పట్టుకుంటాను. మెట్లు దిగేటప్పుడు కోడలిని పిలువు. చక్కెర డబ్బాకు ఎర్రదారం కట్టించు. పొయ్యి దగ్గర కొంగు బిగించుకో. స్నానాల గదిలో తడి లేకుండా చూసుకో. ఇంకా రాయాలని ఉంది కానీ కాగితం అయిపోవచ్చింది. పిల్లలకు ముద్దులు. కోడలమ్మకు దీవెనలు, గొంతు నొప్పెట్టేలా చదివినందుకు.

ఎప్పుడూ నీ ఎదుటి పీట మీద కూర్చున్న
నీ మరదలు

తా.క. కోడలమ్మా, ఇది మెల్లగా చదువు.

వదినా, మా వీధిలో అలాంటి ఆవిడ ఎవరూ లేరు. చేయించుకున్నది నేనే. నీకు చెబితే నువ్వు వచ్చేస్తావు, ఆ మెట్లు దిగి. అందుకని మీ తమ్ముడి చేత నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నాను. పాపం ఆయన ఈ రోజులన్నీ నీతో ఫోన్లో మోకాలి గురించే మాట్లాడారు. నీళ్ళకుండ ముందు వెళ్ళి చూసి వచ్చింది వదినా. అక్కడ లోతు లేదు.

ఈ ఉత్తరంలో వరసలు ఇదివరకటిలా వంకర పోలేదని కోడలు ఈపాటికి నీతో అనే ఉంటుంది.

ఆ ఫారం నేను చదివేశాను. కంట్లోకి నీళ్ళు పోనివ్వద్దని డాక్టరు చెప్పాడు, లోపలినుంచి వచ్చే నీళ్ళ సంగతి చెప్పలేదు. పడవవాడు ఏమన్నాడో రాయను. ఒక్కటి మాత్రం చెబుతాను. పెద్దావిడ కొట్టుగదిలోంచి బయటికి వచ్చింది. ఎవరు పిలిస్తే వచ్చిందో, అప్పటికి ఎంత ఆలస్యమైపోయిందో నీ కళ్ళతో నువ్వే చదువుకో.

నీ కళ్ళు బాగయ్యాక నా దగ్గరికి వచ్చేటప్పుడు, నీ దగ్గరున్న మన పుస్తకం తీసుకురా. రెండోసారి పడిన ఫారం విప్పేసి, అక్కడ ఇది పెట్టి నేనే కుడతాను. సూదిలో దారం ఎక్కించి ఉంచాను. ఎవరినీ బతిమాలలేదు.