పదకొండు గంటల గిరాకీ

హనోయ్
సోమవారం, ముసురు

హెల్మెట్ల మహారాణి లువా అక్కకి,

నీ ఏకైక తమ్ముడు ఖోయి చేయు విన్నపములు. నేను క్షేమం. బట్టలే క్షేమంగా లేవు. పది రోజుల నుంచీ ఇక్కడ ఒకటే ముసురు. చొక్కా ఉతికితే దండెం మీద ఆరదు, ఒంటి మీద వేసుకుంటే నా వేడికి ఆరుతుంది. ఆ లెక్కన ఈ నగరంలో ప్రస్తుతం నేనొక దండేన్ని.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్‌లో నువ్వు మొదటి మాటే "తిన్నావా" అంటావు. రెండో మాటకి నేను ఏదో ఒకటి కక్కేస్తాను. కాగితం అలా అడగదు. అందుకని కాగితం.

టూరిజంలో పట్టా పుచ్చుకున్నవాణ్ని గనక బస శాస్త్రోక్తంగానే ఎంచుకున్నాను. పాత బస్తీలో ఒక హాస్టలు, ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఏడుగురు విదేశీయులు, ఎనిమిదోవాణ్ని నేను. నా పై మంచం డెన్మార్క్ మనిషిది. మంచం చాలక ఆయన పాదాలు రెండూ బయటికి వేలాడుతుంటాయి. పొద్దున కళ్ళు తెరవగానే నాకు దర్శనమిచ్చేవి అవే. నమస్కారం పెట్టుకుని లేస్తున్నాను.

అక్కా, వీపున ఈ సంచి ఉన్నంతకాలం నేను ఈ దేశంవాణ్నంటే ఒక్కరూ నమ్మరు. సరస్సు దగ్గర బూరెలమ్మే ఆవిడ అడక్కుండానే తన కావడి తీసి నా భుజాన పెట్టేసింది, "ఫోటో, ఫోటో" అంటూ. "అక్కా, నేను సొంగ్ కావ్ వాణ్ని, రొయ్యల ఊరు" అన్నాను. ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుని పక్కావిడతో, "విన్నావుటే, ఈ కొరియా అబ్బాయి మన మాటలు ఎంత బాగా మాట్లాడుతున్నాడో!" అంది.

"నేర్చుకున్నాడు పాపం. కొంచెం యాస ఉందనుకో" అంది పక్కావిడ.

కొరియా అబ్బాయిగా నాలుగు బూరెలు కొని, కొరియా అబ్బాయిగానే దణ్ణం పెట్టి వచ్చేశాను. పొద్దున్నే సరస్సు గట్టున డ్యాన్సు చేసే పెద్దమ్మల గుంపు ఉంది. నిన్న ఒకావిడకి జంట తక్కువైందని నన్ను లాక్కుపోయింది. "అడుగులు రావు గానీ మనిషివి తేలిగ్గా ఉన్నావు" అని మెచ్చుకుంది. పాట అయిపోగానే, గొడుగు ఆనించినట్టు నన్నో చెట్టుకి ఆనించి వెళ్ళిపోయింది.

గదిలో కొత్తగా దిగినవాళ్ళంతా ముందు అడిగేది ఎక్కడివాడివని. ఇక్కడివాణ్నే అంటాను. "ఓ" అని అటు తిరిగి పడుకుంటారు. ఇలా సుఖంగా జరిగిపోతోంది.

దుకాణం ఎలా ఉంది? బావని అడిగానని చెప్పు.

ఇట్లు,
పట్టభద్ర సంచారి ఖోయి


హనోయ్
తొమ్మిది రోజుల తర్వాత, అదే ముసురు

లువా అక్కా,

ఒక శుభవార్త చెప్తాను, కుర్చీలో సరిగ్గా కూర్చో. నీ తమ్ముడి చెయ్యి మంచిదట!

హాస్టలు వెనక సందులో సెన్ పెద్దమ్మ అని ఒకావిడకి టోపీల దుకాణం ఉంది. అరవై దాటి ఉంటాయి. పిడికెడు మనిషి, గొంతు మాత్రం ఓడరేవు సైరను. పోయిన వారం పొద్దున్నే ఆవిడ షట్టరు ఎత్తుతుంటే అటు పోతున్నాను. తల తడుస్తోందని ఒక టోపీ తీసుకున్నాను, బేరమాడకుండా. ఆ మధ్యాహ్నం ఏదో స్కూలు వాళ్ళొచ్చి ఆవిడ దగ్గరున్న పసుపు టోపీలన్నీ ఊడ్చుకుపోయారట. మర్నాడు చూస్తే ఆవిడ హాస్టలు గుమ్మంలో కాపలా కాసి ఉంది!

"నాయనా, వచ్చి బోణీ చేసి పో."

"నాకు టోపీ ఉంది కదా పెద్దమ్మా."

"ఒక్క తల ఉంటే ఒక్క టోపీయే ఉండాలని రాసుందా? నడు."

ఇప్పుడు సందంతా ఇదే వరస. సాక్సుల తాత పిలుస్తాడు, గరిటెల ఆవిడ పిలుస్తుంది, బల్బుల వాడు చొక్కా పట్టుకుని లాగుతాడు. నా సంచిలో ఐదు టోపీలు, ఒక చారు గరిటె, పసిపిల్లల సాక్సులు మూడు జతలు చేరాయి. డెన్మార్క్ ఆయన ఆ సాక్సులు చూసి నాకు బిడ్డ పుట్టబోతోందనుకుని అభినందించాడు. కాదనే ఓపిక లేక థాంక్స్ చెప్పాను.

చూశావా, ఎంత డిమాండో? కానీ ఒక చిక్కుంది. కొన్న మరుక్షణం వెళ్ళిపోవాలి. సెన్ పెద్దమ్మ సిద్ధాంతం ప్రకారం బోణీవాడు తచ్చాడితే కాలు బరువెక్కుతుందట. ఒకరోజు, "పెద్దమ్మా, ఈ టోపీ నాకెలా ఉంది?" అని అడిగాను, ఊరికే, మాట కోసం.

"బాగుంది, పో."

"చూడకుండానే?"

"నీ మొహానికి ఏదైనా బాగుంటుంది. పో నాయనా, వెనక్కి చూడకు!"

తొమ్మిది దాటాక వచ్చేవాళ్ళకి మాత్రం ఆవిడ చిన్న ప్లాస్టిక్ స్టూలు వేస్తుంది. వాళ్ళు గ్రీన్ టీ తాగుతారు, కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటారు, కొందరు ఏమీ కొనకుండానే పోతారు. నేను ఎదురు అరుగు మీద కూర్చుని చూస్తుంటాను. ఆ స్టూలు మీద కూర్చోవాలని నాకు ఎంత ఉందో చెప్తే నువ్వు నవ్వుతావు.

ఇక నవ్వు ఆపి ఒక సంగతి చెప్తాను. అసలు ఈ ఉత్తరం దాని కోసమే మొదలుపెట్టాను.

నీ దుకాణం తెరిచిన రోజు నేనే మొదట వచ్చాను. పద్నాలుగు హెల్మెట్లు పెట్టి చూశాను, సగం ధరకి అడిగాను, "అబ్బే, నా తల ఒప్పుకోవడం లేదు" అని చేతులు ఊపుకుంటూ బయటికి నడిచాను. నువ్వూ నవ్వావు. బోణీ వేళ బేరమాడి వట్టి చేతులతో పోకూడదని నాకు తెలియదా? తెలుసు. అందుకే అది జోకు. సందు మలుపు దాకా పోయి, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టి, వెనక్కొచ్చి అన్నిటికంటే ఖరీదైన ఎర్ర హెల్మెట్ కొనాలని నా ప్లాను. జేబులో డబ్బు కూడా ఉంది.

ఇరవై లెక్కపెట్టి తిరిగొచ్చేసరికి నువ్వు గుమ్మంలో నిలబడి కాగితం ముట్టించి, నేను నడిచిన దారి మీద అటూ ఇటూ ఊపుతున్నావు. బోణీ చెడగొట్టి పోయినవాడి దరిద్రం వదలాలని వాడి వెనక కాలుస్తారే, ఆ కాగితం. నీ మొహంలో నవ్వు లేదు. నేను కరెంటు స్తంభం వెనక నిలబడి, నీ వేళ్ళు కాల్తాయేమోనని చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఇంటికి పోయాను. ఆ బోణీ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత మూడు నెలలు నీకు అమ్మకాలు లేవు. సంవత్సరాది పొద్దున బావ నన్ను గుమ్మం బయటే ఆపి, చేతిలో అల్లం మిఠాయి పెట్టి, "ఏమీ అనుకోకు ఖోయీ, కొత్త ఏడాది మొదటి అడుగు పక్కింటాయన పెట్టి పోయాక లోపలికి రా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మిఠాయి కూడా బాగుంది. మెట్ల మీద కూర్చుని మొత్తం తినేశాను.

దేశాటన చేస్తానని నేను బయల్దేరింది ఆ తర్వాత వారానికి. అది దేశాటన కాదక్కా. నీ గుమ్మానికి దూరంగా ఉంటే నీ దుకాణం బాగుపడుతుందని వచ్చేశాను. ఇక్కడ నా కాలు మంచిదంటున్నారు, అక్కడ చెడ్డదన్నారు. రెండు చోట్లా చివరికి నాకు చెప్పేది ఒకటే, త్వరగా పొమ్మని.

ఖోయి


హనోయ్
ఆదివారం

అక్కా,

కిందటి ఉత్తరం పోస్టు చేసిన మర్నాటి నుంచీ నేను బోణీలు మానేశాను. సంచి తలకింద పెట్టుకుని పది దాకా పడుకున్నాను. మూడోరోజు తిన్నగా పదకొండింటికి సెన్ పెద్దమ్మ దుకాణానికి పోయి, ఎవరూ వెయ్యకుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"బతికే ఉన్నావట్రా?" అని విరుచుకుపడింది. "ఇవాళ బోణీ ఎవరు చేశారో తెలుసా? కరెంటు బిల్లు తెచ్చినవాడు!"

"పెద్దమ్మా, నా చెయ్యి మంచిది కాదు. మా ఊళ్ళో మా అక్క నా వెనకాల కాగితం కాల్చింది" అని చెప్పేశాను. హెల్మెట్లూ, ఇరవై లెక్కపెట్టడం, స్తంభం, అన్నీ. టోపీల మధ్య ఏడిస్తే బాగుండదని పైకి చూస్తూ చెప్పాను.

ఆవిడ సాంతం విని, "నీ మొహమ్మీదే కాల్చిందా?" అంది.

"లేదు, నేను మలుపు తిరిగాక."

"మర్యాదస్తురాలే. నేనైతే మొహమ్మీదే కాలుస్తాను. మా ఆయనకి వారానికి రెండుసార్లు కాలుస్తాను, అడుగు."

టోపీల గుట్ట వెనక నుంచి ముసలాయన గొంతు, "నిన్న ఒక్కరోజే రెండు సార్లు!"

"నీక్కూడా కాల్చాను" అంది నాతో, టీ పోస్తూ. "ఆ టోపీ ఎలా ఉందీ ఎలా ఉందీ అని నిలబడ్డావు చూడు, ఆ రోజు."

"మరి మర్నాడు మళ్ళీ పిలిచారు కదా?"

"పిలవనా? కాల్చేశాను కదరా! పొద్దున గుమ్మం ఊడుస్తాం. ఊడ్చారని అలిగి ఎవడైనా ఊరు దాటి పోతాడట్రా, చదువుకున్నవాడా?"

ముసలాయన బయటికొచ్చి నన్ను పరీక్షగా చూసి, "ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కాలుస్తూనే ఉంది బాబూ, నేనింకా ఇక్కడే ఉన్నాను" అని తన పొగాకు గొట్టం అందించాడు. ఒక్క పీల్పుకి దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఆవిడ అల్లుడి మీద గంటంబావు చాడీలు చెప్పింది. అతగాడికి గుర్రు ఎక్కువట. గంటంబావూ నా కాలి సంగతి గానీ చేతి సంగతి గానీ ఎవరూ ఎత్తలేదు. నేనేమీ కొనలేదు. ఎవరూ పొమ్మనలేదు.

బావ మాట ఆవిడకి చెప్పలేదు. అది ఇంకా కొంచెం నొప్పిగానే ఉంది, ఉండనీ. నువ్వా రోజు కాల్చింది నీకు గుర్తే లేకపోవచ్చు. గుర్తుంటే, నన్ను చూసినప్పుడల్లా నువ్వూ ఏదో మోస్తూ ఉండి ఉంటావు. ఆ ముక్క నాకు నిన్నటిదాకా తట్టలేదు. బోణీ వేళ ఆ జోకు నేను వెయ్యకుండా ఉండాల్సింది. అది నా తప్పు.

రేపు రైలెక్కుతున్నాను. రైలు దిగి, బస్సు పట్టుకుని, ఎల్లుండి మధ్యాహ్నం మూడింటికి నీ దుకాణానికి వస్తాను. అప్పటికి మొదట ఎవరొచ్చారో, రెండోది ఎవరో నాకనవసరం. హెల్మెట్ కొంటానని కూడా మాటివ్వను. పోయేటప్పుడు నా వెనక ఏం కాల్చుకుంటావో నీ ఇష్టం. రాగానే మాత్రం ఒక్కసారి కూర్చోమను.

నీ
ఖోయి