అనంత కాంప్లెక్స్: పంపకం, ఒక ఒప్పుకోలు

పొట్లూరి జనార్ధనరావు అనే నేను, వయసు ఎనభై ఒకటి, రామంతాపూర్ నివాసిని, ఈ వీలునామా స్వయంగా రాస్తున్నాను. మోకాళ్లు సరిగా పనిచేయడం లేదు, ఎడమ చెవి వినపడదు. బుద్ధి మాత్రం నిలకడగా ఉంది. డాక్టరుగారు ఇచ్చిన చీటీ జతపరిచాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలు ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. వాటిలో ఆస్తి సరిగానే పంచాను గానీ నిజం రాయలేదు.

1. ఆస్తి వివరం. నాచారం మెయిన్ రోడ్డు మలుపులో మూడు వందల గజాల స్థలం, అందులో అనంత కాంప్లెక్స్ అనే కట్టడం. గుడివాడ పక్క పల్లె నుంచి వచ్చి 1970లో ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. పగలంతా యంత్రాల బొమ్మలు గీసి, ఆదివారాలు ఈ మేడ బొమ్మ గీసుకున్నాను. 1978లో పూర్తయింది. అప్పటికి ఆ రోడ్డులో కర్మాగారాల ప్రహరీలు తప్ప మేడలు లేవు. కింద నాలుగు దుకాణాలు, పైన ఒకే హాలు. రోడ్డు ఎలా తిరిగిందో ముందు గోడనూ అలాగే గుండ్రంగా తిప్పాను. పునాదికి మౌలాలి గుట్టల రాయి వాడాం. పడమటి ఎండకు అడ్డంగా సిమెంటు జాలీ పెట్టాం. దుకాణాల ముందు జనం నిలబడడానికి మూడడుగుల సజ్జా వేశాం. గీసింది నేను. కట్టింది మేస్త్రీ బుచ్చిరాములు. జాలీకి కర్ర అచ్చులు అతనే చెక్కుకున్నాడు. ఒక్కో బిళ్ల అచ్చులోంచి తీసి, మునివేళ్లతో తట్టి, మోగకపోతే పక్కన పడేసేవాడు.

2. నా భార్య అనంతలక్ష్మి పై హాల్లో పద్దెనిమిదేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. ఆమె చివరిదాకా అమ్మకుండా ఉంచుకున్న తెలుగు టైపు మిషను నా కొడుకు నరేన్‌కు చెందాలి. చిన్నప్పుడు వాడు దాని బల్ల కిందే నిద్రపోయేవాడు. నా డ్రాయింగు బల్ల, మేడ అసలు ప్లాను నా కూతురు ప్రజ్ఞకు. ప్లాను మీద కాఫీ మరక నాది కాదు, వాళ్లమ్మది.

3. ఈ అంశం కోసమే మూడోసారి రాస్తున్నాను.

1995లో పైన ఇంకో అంతస్తు వేద్దామని నాకు ఆశ పుట్టింది. బుచ్చిరాములును పిలిపించి కొత్త ప్లాను చూపించాను. అతను మెట్లెక్కి పైకి వెళ్లి, చాలాసేపు అటూ ఇటూ నడిచి దిగి వచ్చాడు.

“సార్, ఈ పునాది ఒక్క అంతస్తు మోసేతందుకే ఏసినం. సజ్జా నీడకు కట్టినం, గోడకు గాదు. నేనైతే కట్ట” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. గీసినవాణ్ణి నేనైతే నాకే చెబుతాడా అనుకున్నాను. వేరే మనుషులను పెట్టి కట్టించాను. గదులు మూడడుగులు పెరుగుతాయని, హాలు ముందు నుంచి పైకి లేపిన కొత్త గోడ బరువంతా సజ్జా అంచు మీదికి తెచ్చాను. ఆ గీత నా చేత్తోనే గీశాను.

మరుసటి ఏడాది వానాకాలం, మధ్యాహ్నం పన్నెండు దాటాక సజ్జా ఒక మూల, దాని మీది గోడతో సహా, కూలింది. దాని కింద కుట్టుమిషను పెట్టుకుని బతికే వెంకటనర్సమ్మ తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. నాలుగు నెలలు దవాఖానాలో ఉంది. అప్పటి నుంచీ కుడికాలు ఈడ్చుకుంటూనే నడుస్తోంది.

విచారణకు వచ్చిన అధికారులతో, కూలింది బుచ్చిరాములు కట్టిన సజ్జానే కదా, సిమెంటు మాలులో ఇసుక ఎక్కువ కలిపి ఉంటాడు అని చెప్పాను. అది అబద్ధం. వాళ్లు రాసుకున్నారు, రోడ్డంతా నమ్మింది. ఆ తర్వాత నాచారంలో అతనికి ఎవరూ పని ఇవ్వలేదు. కొన్నేళ్లకు రామంతాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కనిపించాడు. లేచి నమస్తే పెట్టాడు. నేను గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాను. 2009లో పోయాడని విన్నాను. చూడటానికి వెళ్లలేదు.

అనంతలక్ష్మి సజ్జా కూలిన నెలలోనే ఇన్‌స్టిట్యూట్ మూసేసింది. ఎందుకని నేను అడగలేదు. 

4. నిరుడు నరేన్ ఒక ఇంజనీరును తెచ్చి స్తంభాలు పరీక్ష చేయించాడు. మొత్తం పడగొట్టి ఏడంతస్తుల అద్దాల మేడ లేపాలని వాడి ఆలోచన. ఇంజనీరు మాత్రం, హాలు మీద నేను తర్వాత వేయించిన పై అంతస్తు తీసేస్తే బుచ్చిరాములు కట్టిందంతా ఇంకో ముప్పై ఏళ్లు నిలుస్తుందని రాసిచ్చాడు. కాబట్టి నేను పోయిన ఆరు నెలల్లోగా పై అంతస్తు తీసేయాలి. ఖర్చుకు నా బ్యాంకు డిపాజిట్ వాడాలి. ఆ తర్వాతే మూడో నంబరు దుకాణం మినహా కట్టడం నరేన్, ప్రజ్ఞలకు సమానంగా చెందుతుంది. అప్పుడు ఉంచుకుంటారో పడగొడతారో వాళ్ల ఇష్టం. పోయినవాడి చెయ్యి ఎంతకాలమని పట్టుకుంటారు?

5. మూడో నంబరు దుకాణం వెంకటనర్సమ్మకు సర్వహక్కులతో ఇస్తున్నాను. కట్టడం పడగొడితే కొత్తదాంట్లో రోడ్డు వైపు, మెట్లు లేకుండా, అంతే వైశాల్యం ఆమెకు ఇవ్వాలి.

ఇది దానం కాదు. మొన్న వేసవిలో ఆమె దగ్గర కూర్చుని మూడో అంశంలో ఉన్నదంతా చెప్పాను. ఆమె జాకెట్టుకు కాజాలు కుడుతోంది. సూది ఆపలేదు.

“గా దినమే నాకు ఎరుక సార్. సజ్జా మీద గోడ లేపంగ రోజు సూసిన. మీరే జెప్తరేమోనని ఇన్నేండ్లు సూస్తున్న” అంది.

మరి నువ్వెందుకు ఎవరికీ చెప్పలేదని అడిగాను.

“జెప్తే నా మిషిని ఏడ బెట్టుకోవాలె?”

 

6. బుచ్చిరాములు కూతురు దుర్గాభవాని నాగోల్‌లో బడిపంతులమ్మ. ఆమె చిరునామా వెంకటనర్సమ్మే ఇచ్చింది. పోయిన నెల ప్రజ్ఞ తోడుగా రాగా ఆటోలో వెళ్లి, ఆమెకూ అంతా చెప్పాను. లేచి లోపలికి వెళ్లింది. మేం వాకిట్లోనే కూర్చున్నాం. తిరిగి వచ్చాక ముఖం కడుక్కున్నట్టుంది. రెండో నంబరు దుకాణం ఆమె పేర రాస్తానన్నాను. ప్రజ్ఞ అప్పటికే ఒప్పుకుంది.

“మాకు దుకాణం వద్దు సార్. మా నాయిన తప్పు లేదని రాయుండ్రి. సాక్షి సంతకం నేను బెడ్త” అంది.

అందువల్ల ఆమెకు ఈ వీలునామాలో ఏ ఆస్తీ రాయలేదు.

7. దీన్ని అమలు జరిపే బాధ్యత ప్రజ్ఞది. నా దినానికి వచ్చినవాళ్లందరి ముందూ మూడో అంశం ఒక్క మాట వదలకుండా చదవాలి. నరేన్ అడ్డుపడవచ్చు. వాణ్ణి కోప్పడకండి. వాడికి తండ్రి పేరంటే అభిమానం.

ఇంతకన్నా చెప్పుకోవలసింది లేదు. అలసిపోయాను.

ఈ కాగితాలు చదువుకుని, అనంత కాంప్లెక్స్ పై హాల్లో, సాక్షులిద్దరి ఎదుట, 2024 నవంబరు 17న సంతకం చేశాను.

(సం.) పొట్లూరి జనార్ధనరావు

సాక్షులు:

1. (సం.) రామ్మోహనరావు, రిటైర్డు రైల్వే గుమాస్తా, మౌలాలి.

2. (సం.) దుర్గాభవాని, ఉపాధ్యాయురాలు, నాగోల్. తండ్రి: బుచ్చిరాములు, మేస్త్రీ. ఈ మేడ కట్టినవాడు.