ఫ్రేములో పట్టని వాళ్ళు

పేరాక్, మలయా
1938 జనవరి 20

పెనుకొండలో ఉన్న పెద్దమ్మ దీనమ్మకు యూనీకమ్మ వందనములు.

కుర్చీ వీపు మీద చెయ్యి వేసినంత మాత్రాన పెండ్లి అయిపోతుందా పెద్దమ్మా? నీ ఉత్తరం విప్పగానే "నూతన దంపతులకు ఆశీర్వాదములు" అని కనిపించింది. ఎవరికో వ్రాసినది నా కవరులో పెట్టావేమోనని పేరు రెండుసార్లు చూసుకొన్నాను.

నేను ఇక్కడికి వచ్చింది ఆరు నెలల మిషన్ పనికి. మదరాసు కాలేజీలో నాతో చదివిన ముగ్గురితో కలిసి వచ్చాను. కొబ్బరి తోటలో కూలి చేసే తెలుగు ఆడవాళ్ళకు చదువు చెప్పడం మా పని. ఈ సంగతి హిందూపురం స్టేషనులో రైలెక్కే ముందు చెప్పాను, ఎక్కాక కిటికీలోంచి చెప్పాను, రైలు కదిలాక అరిచి చెప్పాను. నీకు మాత్రం వరుణ్ణి వెతుక్కొంటూ పోతున్నట్టే వినిపించింది. చిన్నప్పటి నుండీ ఇంతే. పరుగు పందెంలో బహుమతి తెస్తే "అత్తవారింట్లో చురుగ్గా ఉంటుంది" అన్నావు. బి.ఏ. ప్యాసైతే "పిల్లలకు ట్యూషను అక్కరలేదు" అన్నావు. ఏ పిల్లలకు పెద్దమ్మా?

ఇక ఫోటో సంగతి. అది పెనాంగులో ఓడ దిగిన రోజు తీయించింది. వారం రోజుల సముద్రం నా కాళ్ళలోనే ఉండిపోయి స్టూడియో నేల ఊగుతోంది. పడిపోకుండా ఎదుటనున్న కుర్చీ పట్టుకొన్నాను. అందులో కూర్చున్నాయన ఈ తోట గుడిలో ప్రార్థనలు జరిపించే ఉపదేశి పౌలప్ప గారు, మమ్మల్ని పిలుచుకొని పోవడానికి వచ్చారు. ఆ ఫోటోలో మేము ఆరుగురం ఉన్నాము. ఇక్కడి మిషన్ పని చూసే మిస్సమ్మ కూడా ఉంది, గొడుగంత టోపీతో. అంత టోపీ నీకు కనిపించలేదా?

నీ బిడ్డ
యూనీకమ్మ

తా.క.: పౌలప్ప గారు మన వైపు వారే, మడకశిర. ఈ మాట వ్రాసిన తర్వాత వ్రాయకుండా ఉండాల్సింది అనిపిస్తోంది. కానీ సిరా ఆరిపోయింది.

•

పెనుకొండ
ఫిబ్రవరి 7

ప్రభువు కాపుదలలో ఉన్న నా బిడ్డ యూనీకమ్మకు పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నీ కోపం అందింది. మడకశిర అని చదివి ప్రాణం లేచి వచ్చింది.

పెండ్లి కాలేదని వ్రాశావు. సరే. అయితే ఇంకా కావలసి ఉందన్నమాట. పెంచిన పెద్దమ్మ అనుమతి లేకుండా చేసుకోకూడదని ఆగిపోయావే, అది తలుచుకొని ఏడ్చేశాను. మూడేండ్లు సంసారం చేసి, మీ పెద్దనాయన పోయాక ఇరవై ఏండ్లుగా ఒంటిగా ఉండి, బడిలో పాఠాలు చెప్పుకొంటూ తల్లిలేని నిన్ను పెంచినందుకు ఫలితం కనిపించింది.

ఆలస్యమెందుకని నిన్న హిందూపురం గుడిలో మొదటి పెండ్లి ప్రకటన చదివించాను. మూడు ఊళ్ళ గుళ్ళకూ మన పాస్టరు అయ్యగారు ఒక్కరే కదా, నెలకొక ఊరు వస్తారు. వచ్చే నెల పెనుకొండ, ఆ పై నెల ధర్మవరం. మూడు చోట్లా ఎవరూ అడ్డు చెప్పకపోతే ఇక ముహూర్తమే. "వరుడు పౌలప్ప, వధువు యూనీకమ్మ, బి.ఏ." అని చదివారు. బి.ఏ. మాత్రం రెండుసార్లు చదివారు.

ధర్మవరంలో వెంకటప్ప మగ్గం మీద నీ చీర ఎక్కించేశాను. మిరపపండు రంగు, ఆకుపచ్చ అంచు. పక్కింటి నరసక్క ఫోటో చూసి, "పెండ్లికొడుక్కి జుట్టు రవంత తక్కువుండాదే" అన్నది. "ఎండదేశం, గాలి తగలాల్నని తీయించుకొనింటాడు" అన్నాను.

దీవెనలతో
దీనమ్మ

తా.క.: ఫోటోలో ఆరుగురున్న మాట నిజమే. మన ఇంట్లో ఉన్న ఫ్రేము చిన్నది. మీ ఇద్దరినీ ఉంచి మిగతావాళ్ళను కత్తిరించాము. మిస్సమ్మను కత్తిరించడానికి మనసు ఒప్పలేదు గానీ, ఆ టోపీ ఏ ఫ్రేములోనూ పట్టదు.

•

పేరాక్
ఫిబ్రవరి 22

పెద్దమ్మకు వందనములు. ఈ ఉత్తరం నీవు కూర్చొని చదవాలి.

నీ ప్రకటన సముద్రం దాటి వచ్చింది. హిందూపురం మిషన్ దొరసాని మా మిస్సమ్మకు శుభాకాంక్షలు వ్రాసింది. దాంతో నా కొంప మునిగింది. ఇక్కడి కమిటీవారు మా నలుగురిలో ఒకరిని మూడేండ్లు బడి నడపడానికి ఉంచుకొంటామన్నారు. నేను ముందుకు వచ్చాను, నా పేరు వ్రాసుకొన్నారు. ఇప్పుడు మిస్సమ్మ ఆ పేరు కొట్టేసి, "ఒక ప్రకటన అయిందంటే సగం పెండ్లి అయినట్టే. పెండ్లి కావలసిన పిల్లను ఉంచుకోలేము" అన్నది. నేను బల్ల గుద్ది మాట్లాడాను. చివరికి రెండు షరతులు పెట్టింది. ప్రకటన రద్దు కావాలి. జూలై పదిహేనులోగా నా సంరక్షకుల సంతకం రావాలి. కాగితం ఇందులో పెట్టాను. అడుగున గీత ఉంది, దాని మీద నీ పేరు వ్రాస్తే చాలు.

అయ్యగారికి వేరే చీటీ పెట్టాను, పెనుకొండ గుడిలో అందరికీ వినిపించేలా చదవమను: "ఈ పెండ్లికి నాకు అభ్యంతరం ఉంది. ఇట్లు, పెండ్లికూతురు."

నీకింకా అనుమానముంటే విను. పౌలప్ప గారికి యాభై ఒకటి. భార్య పోయి పదిహేనేండ్లయింది. జుట్టు చెవుల వెనక మాత్రమే ఉంది. ముందు పండ్లు రెండు కట్టుడువి, పాట ఎత్తుకొనే ముందు తీసి జేబులో వేసుకొంటారు. కోళ్ళతో కన్నడంలో మాట్లాడతారు. తన వంట తానే చేసుకొంటారు, ఇంకొకరిని పొయ్యి దగ్గరికి రానివ్వరు. మలయా దేశంలో కూర్చొని రాగిసంగటి కెలికే మనిషిని ఏ ఆడపిల్ల చేసుకొంటుంది?

యూనీకమ్మ

తా.క.: చొక్కా గుండీలు కూడా తానే కుట్టుకొంటారు. ఇక నాతో ఏం పని?

•

పెనుకొండ
మార్చి 16

బిడ్డ యూనీకమ్మకు పెద్దమ్మ దీవెనలు.

నీ చీటీ ఆదివారం చదివారు. మన గుడిలో అడ్డు చెప్పడమే ఎన్నడూ లేదు, అది ఓడెక్కి రావడం అసలే లేదు. నిద్రపోతున్న ముసలాయన కూడా లేచి కూర్చున్నాడు. నరసక్క మన గుడికి రాదు కదా, ఆ రోజు వాకిట్లో నిలబడి వింటూ ఉన్నది. "పెండ్లికూతురే వద్దంటాంటే ఇంగ పెండ్లి యాడిదమ్మా?" అని బయటి నుండే అరిచింది. లోపల కుళ్ళాయమ్మ, "సిగ్గుతో అట్ల రాసినాదిలే, నేనూ నా పెండ్లినాడు గాదె ఎనకాల దాక్కొంటి" అన్నది. అయ్యగారు ప్రార్థన ముగించి అందరినీ ఇంటికి పంపించేశారు.

ప్రకటన పుస్తకంలో నీ పేరు కొట్టేశారు. ఆయన పేరు కూడా కొట్టబోతుంటే నేను ఆపాను. ఆ పెద్దమనిషి అడ్డు చెప్పలేదు కదా, ఊరకే కొట్టేస్తే అవమానం కాదా?

సంతకం మాట తర్వాత చూద్దాము. మూడేండ్లంటే మాటలు కాదు. నీవు పోయినప్పటి నుండి ఇంట్లో ఒక గ్లాసు కడిగితే పని అయిపోతోంది.

ఆ పౌలప్ప గారి సంగతి మాత్రం సరిగా వ్రాయలేదు. సంగటి ఉండకట్టకుండా కెలుకుతాడా? నశ్యం అలవాటుందా? తిన్న కంచం తానే కడుగుతాడా, అక్కడే వదిలి లేస్తాడా? ఊరకే, తెలుసుకొందామని.

దీనమ్మ

తా.క.: పండ్లు జేబులో వేసుకొని పాడితే మాట స్పష్టంగా వస్తుందా?

•

పేరాక్
ఏప్రిల్ 30

పెద్దమ్మకు వందనములు.

ప్రకటన రద్దయినట్టు అయ్యగారి కాగితం వచ్చింది. ఒక షరతు తీరింది. రెండోది నీ చేతిలో ఉంది, అది మాత్రం రాలేదు. నెలన్నర అయింది నీ దగ్గర నుండి ముక్క లేక.

ఇక్కడ సంగతి ఒకటి చెబుతాను. సింహాలమ్మ అని విశాఖపట్నం వైపు మనిషి, నలభై ఏండ్లుంటాయి, నా బడిలో మూడు నెలలుగా చదువుతోంది. పోయిన సోమవారం పొద్దున హాజరు వేసే చోట గుమాస్తా సిరా మెత్త ముందుకు తోశాడు, వేలిముద్ర వేయమని. "కలమియ్యి బాబూ" అన్నది. అతను నవ్వాడు. సింహాలమ్మ కదలలేదు. వెనక వరుస ఆగిపోయింది. చివరికి కలం ఇచ్చాడు. సగం పుట పట్టేంత అక్షరాలతో పేరు వ్రాసి నా వైపు తిరిగి, "ఏటమ్మా, నాను పేరు రాస్తే ఆ పుస్తకం వద్దంటాదేటి?" అన్నది. ఆ మరునాడు బడికి పదకొండుమంది కొత్తవాళ్ళు వచ్చారు. నేను జూలైలో ఓడెక్కితే వీళ్ళకు పలకలు మిగులుతాయి, చెప్పేవాళ్ళు మిగలరు. అందుకే సంతకం అడుగుతున్నాను. వేరే కారణం లేదు, వెతకవద్దు.

నీవు అడిగినవి: ఉండకట్టదు. నశ్యం లేదు. కంచం కడుగుతారు, పక్కవారిది కూడా. కానీ ఆయనకు ఈ మధ్య ఏదో అయింది. కొత్త కళ్ళజోడు కొన్నారు. మీసం కత్తిరించుకొన్నారు. ఇండియా టపా వచ్చే రోజు కోళ్ళకు కూడా పలకడం లేదు. వచ్చిన ఉత్తరం మామిడిచెట్టు కిందికి తీసుకొనిపోయి రెండు మూడు సార్లు చదువుతారు. మడకశిరలో ఎవరో చెల్లెలు ఉన్నట్టుంది. చెల్లెలి మీద అంత ప్రేమ గల అన్నను నేను చూడలేదు. నా కంటికి ఏదీ దాగదని నీకు తెలుసు కదా.

యూనీకమ్మ

తా.క.: మీ పెద్దమ్మకు ఏ పండు ఇష్టమని నన్ను అడిగారు. సీతాఫలమని చెప్పాను. ఎందుకడిగారో తోచలేదు, మర్యాదకై ఉంటుంది.

•

పెనుకొండ
జూన్ 13

బిడ్డ యూనీకమ్మకు పెద్దమ్మ దీవెనలు.

మడకశిరలో ఆయనకు చెల్లెలు లేదు. ఆ ఉత్తరాలు నావి.

మొదటిది తిట్టడానికే వ్రాశాను. ఆడపిల్ల కుర్చీ పట్టుకొంటే లేచి నిలబడాలని తెలియదా అని. క్షమించమని నాలుగు పుటలు వ్రాశాడు. చేతివ్రాత ముత్యాల్లా ఉంది. ఆ వ్రాతకు జవాబివ్వకపోతే బడిపంతులమ్మగా నాకే తప్పనిపించింది. తర్వాత ఆయన అడిగాడు. నేను పదిరోజులు ఆలోచించి సరేనన్నాను.

ఏప్రిల్లో ధర్మవరంలో, మేలో హిందూపురంలో, నిన్న పెనుకొండలో ప్రకటన చదివారు. వరుడు పౌలప్ప, వధువు దీనమ్మ. నరసక్క ఈసారి లోపలికే వచ్చి కూర్చున్నది. బయటికి రాగానే, "ఏమక్కా, ఈ వయసులోనా?" అన్నది. "చిన్న వయసులో చేసుకొంటే మూడేండ్లే దక్కె. ఈ వయసులో ఎన్ని దక్కుతాయో చూస్తా" అన్నాను. నరసక్క నా చెయ్యి పట్టుకొని ఇంటిదాకా వచ్చింది.

నీ చీర నేను కట్టుకొంటాను. వెంకటప్ప, "రంగు మారుద్దునా అమ్మా, శానా ఎరుపు" అన్నాడు. వద్దన్నాను.

ఆయన జూలై అయిదున అక్కడ ఓడెక్కుతున్నాడు, ఇరవైన పెండ్లి. ఆయనతో నీవూ వచ్చెయ్యి. నీవు లేకుండా నా పెండ్లేమిటి? తర్వాత ముగ్గురం ఇక్కడే ఉందాము. నీ కాగితం ఇందులోనే తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు, పెట్టను. నిన్ను అంత దూరంలో విడిచిపెట్టడం నా వల్ల కాదు.

దీనమ్మ

తా.క.: ఆయన పండ్లు జేబులో మరిచిపోయి ఓడెక్కకుండా చూడు.

•

పేరాక్
జూలై 4

పెనుకొండలో ఉన్న పెండ్లికూతురికి యూనీకమ్మ వందనములు.

ఈ ఉత్తరం పౌలప్ప గారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. చెల్లెలనుకొన్నందుకు మీరిద్దరూ నవ్వుకోండి. నేనూ నీ ఉత్తరం చదివి ముందు నోరు తెరిచాను, తర్వాత కోళ్ళు చెదిరిపోయేంత గట్టిగా నవ్వాను. ఆయన మంచి మనిషి పెద్దమ్మా. ఇంత మంచివారని నేనే నీకు ఆరు నెలలుగా వ్రాస్తున్నానని ఇప్పుడు తెలిసింది.

నీవు తిప్పి పంపిన కాగితం తీసుకొని నేను ఆయన ముందు నిలబడ్డాను. "నా పెద్దమ్మను చేసుకొంటే మీరు నాకు ఏమవుతారు?" అన్నాను.

"పెద్దనాయననైతా."

"పెద్దనాయన సంరక్షకుడవుతాడా, కాడా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొన్నారు. పద్దెనిమిదేండ్లుగా ఈ తోటకు పంతులమ్మ కావాలని అర్జీలు పెట్టిన మనిషి ఆయన. "మీ పెద్దమ్మకు కోపమొస్తాది" అన్నారు. తర్వాత, "రానీలే, ఓడ దిగినంక గదా పడాల్సింది. వారం టైముండాది" అని కలం అడిగారు.

మిస్సమ్మ ఒప్పుకోలేదు. ఇంకా పెండ్లి కాలేదు కదా అన్నది. "ఒక ప్రకటనకు సగం పెండ్లి అయినట్టని మీరే నా పేరు కొట్టేశారు. ఆయనకు మూడు అయ్యాయి" అన్నాను. మిస్సమ్మ కాసేపు లెక్క వేసుకొన్నది. ఆ లెక్క ప్రకారం ఒకటిన్నర పెండ్లి. టోపీ తీసి బల్ల మీద పెట్టి ముద్ర వేసింది.

బడిలో ఇప్పుడు నలభై ఇద్దరున్నారు. రేపటి నుండి పౌలప్ప గారి ఇంట్లో నేనుంటాను, కోళ్ళు కూడా నావే. వాటి కోసం కన్నడం నేర్చుకొంటున్నాను.

నీ బిడ్డ
యూనీకమ్మ

తా.క.: నేను పెండ్లికి రావడం లేదు. మూడేండ్లు ఇక్కడే ఉంటాను.