దీపం లేని లాంచీ

ఏలూరు, 1957 జులై, మంగళవారం

ముత్యాలు కేసు ఓడిపోయాను.

కొల్లేట్లో ఆమె భర్త తాటిదోనెను గుద్ది ముంచిన ప్రభుత్వ లాంచీకి ఆ సాయంత్రం దీపం లేదు. లేదని ప్రభుత్వ ప్లీడరే ఒప్పుకున్నాడు. చీకటి పడ్డాక ప్రతి పడవకీ దీపం ఉండాలన్న చట్టంలో ప్రభుత్వం పేరు విడిగా రాయలేదు కనక, అది ప్రభుత్వానికి వర్తించదట. తీర్పు చదువుతున్నంతసేపూ జడ్జిగారు నావైపు చూడలేదు.

ఇంజను చప్పుడు విని కూడా ఎందుకు తప్పుకోలేదని అడిగితే, ఆ దోనెలోనే ఉండి బతికి బయటపడ్డ ముత్యాలు మరిది బోనులో ఒక్కటే మాట అన్నాడు. "దీపం కనపడలేదంటే పడవ ఇంకా దూరంగా ఉన్నట్టేనండి మాకు." నీటిమీద చప్పుడు ఎటునుంచైనా వస్తుంది. అందుకే వాళ్ళు వెలుగునే నమ్ముతారు. ఆ నమ్మకమే ముత్యాలు భర్తను చంపింది.

అప్పీలు వెయ్యొచ్చు. వేసి ఏమని వాదించను...

నీళ్ళలోంచి తీసి సాక్ష్యంగా పెట్టిన అతని లాంతరును కోర్టు తిరిగి ఇచ్చేసింది. అది పట్టుకుని ముత్యాలు పడవ కోసం కాలవ గట్టుకు బయల్దేరితే, నేనూ వెంట వెళ్ళాను.

"ఆ చట్టం వాళ్ళకి లేదమ్మా," అన్నాను.

"మరి మాకోండి?"

"మీకు ఉంది."

తలూపింది. గట్టుమీద కొట్లో కిరసనాయిలు కొని, లాంతరు నిండా పోసుకుంది.

"ఊరు చేరేసరికి చీకటి పడిపోద్దండి. దీపం లేకపోతే తప్పు కదండీ," అంది.