రన్‌వే ముందు ఆగమన్నాను

అక్టోబర్ 3
ఒళ్ళు మండిపోతోంది. గార్త్‌ది పొలాలకు మందు కొట్టే విమానం. రన్‌వే ముందు ఆగమని కంట్రోల్ టవర్ నుంచి రేడియోలో చెప్పాను. 'రోజర్' అన్నాడు. అని, నేరుగా రన్‌వే మీదికి వచ్చేశాడు. అప్పుడే డెస్పినా దిగుతోంది. ఊళ్ళో నర్సు, యాభై దాటాక విమానం నేర్చుకుంటోంది, పక్కన గురువు లేకుండా ఇవాళే మొదటిసారి. దిగొద్దు, పైకి లే అని అరిచాను. లేచింది. చుట్టు తిరిగొచ్చి చక్కగానే దిగింది. తాళాలు ఫ్లయింగ్ క్లబ్ బల్ల మీద పడేసి, ఈ జన్మకిక చాలంటూ వెళ్ళిపోయింది.

అక్టోబర్ 4
రోజర్ అంటే విన్నానని. అంతే. చేస్తాననడానికి విల్కో అని వేరే మాట ఉంది. రన్‌వే ముందు ఆగమన్నప్పుడు అదీ చాలదు, చెప్పిన మాట మొత్తం తిరిగి అప్పజెప్పాలి. ఆస్ట్రేలియా అంతటా ఇదే నియమం. మా పాతకాపులకేమో అప్పజెప్పడం నేర్చుకునేవాళ్ళ పని. గార్త్ చెప్పలేదు. నేనూ రెట్టించలేదు. అంత అనుభవం ఉన్నవాణ్ణి అడిగితే బాగుండదేమో అనుకున్నాను. ఎందుకనుకున్నాను?

అక్టోబర్ 7
క్లబ్‌లో సాసేజ్‌లు కాలుస్తూ, అందరి ముందూ నన్ను వెక్కిరిస్తూ అన్నాడు గార్త్: రోజర్ అంటే విన్నాననేగా టీచరమ్మా, విన్నాను, ఆగుతానని ఎప్పుడన్నాను? బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. ఆ నర్సమ్మకు సూదులే నయం అని కూడా అన్నాడు. సిగ్గులేదు! అర్థం మాత్రం సరిగ్గా చెప్పాడు. అంటే తెలిసే చేశాడు.

అక్టోబర్ 8
డెస్పినాకు ఫోన్ చేశాను. తప్పు నీది కాదు, గార్త్‌దీ నాదీ అన్నాను. పైన ఒక్కదాన్నే ఉన్నప్పుడు కింద నన్ను చూసేవాళ్ళు లేకపోతే ఎలా లిన్, అంది.

అక్టోబర్ 15
గార్త్ మళ్ళీ రోజర్. మొత్తం చెప్పమన్నాను. మళ్ళీ అదే. చెప్పేదాకా కదలనివ్వలేదు. వెనక విమానాలు బారులు తీరాయి. ఎయిర్‌పోర్ట్ మేనేజర్ కోలిన్ ఫోన్ చేసి, అవతల మిడతలు గోధుమ తినేస్తుంటే పెద్దాయనతో ఏం పంతమమ్మా అన్నాడు. తిననీ అన్నాను. ఆఖరికి పళ్ళు నూరుతూ అప్పజెప్పాడు. క్లబ్‌లో ఇప్పుడు నాతో ఎవరూ మాట్లాడరు. అతి చేశానా? చేస్తే చేశాను.

అక్టోబర్ 26
రేడియోలో మళ్ళీ డెస్పినా గొంతు. ఆగమంటే ఆగుతున్నానని మొత్తం చెప్పింది. ఎగరొచ్చు అన్నాను. అదీ తిరిగి చెప్పింది. చివర, చూస్తున్నావుగా అంది.

చూస్తున్నాను అన్నాను. ఆ మాట ఏ నియమాల్లోనూ లేదు.